రెండు బిల్లులు

మా దీవిలో కరెంటు కంపెనీ అంటే
నేనూ, మూడు డీజిల్ ఇంజన్లూ.
నెలాఖరున యాభై మూడు మీటర్లు చూసి
యాభై మూడు బిల్లులు చేత్తో రాస్తాను.
పెర్సిస్ వార్డ్‌వెల్ బిల్లు మీద మాత్రం
అంకె పక్కన చిన్న పడవ బొమ్మ వేస్తాను,
ముందు దాన్ని చూసి, తర్వాత నన్ను తిడుతుందని.

మార్చిలో ఇంకో బిల్లు వచ్చింది.
అగస్టా నుంచి, తపాలా పడవలో,
ఉప్పుతేమకి మెత్తబడ్డ కవరులో నలభై పేజీలు.
సముద్రంలో గాలిమరలు ఎక్కడ పాతాలో,
ఎవరి కిటికీకి ఎంత దూరంలో పాతకూడదో,
తీగ ఏ ఒడ్డున గట్టెక్కాలో.
నిర్వచనాలే ఆరు పేజీలు.
వాటిలో గాలికి నిర్వచనం లేదు.
దీవికి ఉంది:
ఏడాది పొడవునా జనం ఉండే భూభాగం.
ఫిబ్రవరిలో ఎంతమందిమి మిగులుతామో
అందరం వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాం.

మమ్మల్ని గాలికొదిలేశారని
ఇన్నాళ్లూ రాజధానిని తిట్టేవాళ్లం.
ఇప్పుడు గాలినే సెక్షన్లుగా కోసి పంపారు.

అంతవరకూ గాలంటే
పడవ వస్తుంది, పడవ రాదు.
ఆ తర్వాత గాలంటే
అవును, కాదు.
లాబ్‌స్టర్ బోన్ల తాళ్లు తీగకి చుట్టుకుంటాయని
ఎల్‌బ్రిడ్జ్ కాదన్నాడు.
ఈ రేటు కట్టి ఏ కుర్రజంట ఇక్కడ కాపురం పెడుతుందని
అతని తమ్ముడు మెర్టన్ అవునన్నాడు.
నలభై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే రేవు, ఒకే త్రాసు.
ఏప్రిల్‌కి రేవులో రెండు త్రాసులు వెలిశాయి.

విచారణ రోజు తెల్లారుజామున
పద్నాలుగు మందిమి పడవెక్కాం,
అవును ఎడంపక్క, కాదు కుడిపక్క.
డోర్కస్ చుక్కాని వదిలి వచ్చి చూసింది.
"ఇలా కూర్చుంటే ఓటింగు దాకా ఆగక్కర్లేదు, ఇక్కడే మునుగుతాం"
అని ఇద్దరు కాదుల్ని రెక్క పట్టి
అవునుల మధ్య కూలేసింది.
పొగమంచు. ఎవరూ మాట్లాడలేదు.
ఫ్లాస్కులో కాఫీ మాత్రం అటూ ఇటూ తిరిగింది.

మనిషికి మూడు నిమిషాలు.
ఆకుపచ్చ దీపం, పసుపు, ఎరుపు.
ఎర చేపల వాసన మాతోపాటే గదిలోకొచ్చి కూర్చుంది.
జూలై ఆగస్టుల్లో మాత్రం మా దీవిలో ఉండే టై కట్టినాయన
మా సూర్యాస్తమయం గురించి మా తరఫున కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఎల్‌బ్రిడ్జ్ లేచాడు.
జేబులో రాసుకొచ్చిన కాగితం తియ్యలేదు.
వాళ్లు పంచిన మ్యాపుని దీపానికెత్తి పట్టాడు.
"అయ్యా, పేజీలు కుట్టిన పిన్ను
సరిగ్గా మా దీవి మీద గుచ్చారు."
ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు.
బొటనవేలి గోటితో పిన్ను పీకి
బల్ల మీద పెట్టాడు.
"ఇప్పుడు రెండు చిల్లులు.
ఒకటి బడి మీద, ఒకటి మా తమ్ముడింటి మీద."
ఎర్రదీపం వెలిగేదాకా అలాగే నిలబడ్డాడు.

తర్వాతి పేరు మెర్టన్.
"మా ఇల్లు ఇంకాస్త ఉత్తరానికి" అన్నాడు ముందు.
ఆ తర్వాత తన కాగితం చదివాడు.

మేలో చట్టం అయింది.
నాలుగో సెక్షన్లో ఆరు మైళ్లు తొమ్మిదయ్యాయి.
ఒక అధ్యయన సంఘం. అందులో దీవికి ఒక కుర్చీ.
ఎవరు గెలిచారో చెప్పడానికి
రెండు పక్కల వాళ్లూ మొహమాటపడ్డారు.
నా చేతిరాత బాగుంటుందని కుర్చీ నాకిచ్చారు.
మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు వాయిదా.
గాలిమరలు ఇంకా గాలిమేడలే.

ఈ రాత్రి రెండో ఇంజన్ నూనె కక్కుతోంది.
బయట చెక్కపెంకులు లేపేస్తోంది గాలి,
తలుపు ఎడంకాలితో అదిమిపట్టి
గరాటుతో డీజిల్ పోస్తున్నాను.

ఈ నెల పెర్సిస్ బిల్లు మీద పడవ వెయ్యలేదు.
అంకెకే చోటు చాల్లేదు.